రిమోట్ రిపాజిటరీలతో ఎస్‌ఎస్‌హెచ్ టైమవుట్

దూరాన ఉన్న సర్వరులోని కోడ్ రిపాజిటరీని సెక్యూర్ షెల్ అనే ప్రోటోకాల్ ద్వారా చేరడానికి ఒక కంప్యూటరు ప్రయత్నించినప్పుడు, నిర్ణీత వ్యవధిలోగా అవతలి నుంచి ఏ జవాబూ రాకపోవడంతో ఆ ప్రయత్నాన్ని అది తానే విరమించుకొనే స్థితిని ఎస్‌ఎస్‌హెచ్ టైమవుట్ అంటారు. గిట్ వాడేవారికి ఇది క్లోన్, ఫెచ్, పుల్, పుష్ ఆదేశాలు ఇచ్చినప్పుడు ఎదురవుతుంది. ఆదేశం ఇచ్చాక టెర్మినల్‌లో చాలాసేపు ఏ కదలికా ఉండదు. చివరకు ఫలానా హోస్టు 22వ పోర్టు వద్ద ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని ఒక వరుస కనిపిస్తుంది. దాని కింద గిట్ తన వంతుగా మరికొన్ని వరుసలు చేరుస్తుంది: రిమోట్ రిపాజిటరీని చదవలేకపోయాననీ, సరైన హక్కులు ఉన్నాయో లేదో, ఆ రిపాజిటరీ అసలు ఉన్నదో లేదో సరిచూసుకోవాలనీ వాటి సారాంశం.

ఎస్‌ఎస్‌హెచ్ ఏ కారణంతో విఫలమైనా గిట్ ఈ సలహానే యాంత్రికంగా ముద్రిస్తుంది కనుక, టైమవుట్ సందర్భంలో ఇది వాడుకరిని పక్కదారి పట్టిస్తుంది. హక్కుల పరిశీలన జరగాలంటే ముందు రెండు కంప్యూటర్ల మధ్య కనెక్షన్ ఏర్పడాలి, తరువాత గుప్తీకరణకు అవసరమైన కీ మార్పిడి పూర్తికావాలి, ఆ పిమ్మట మాత్రమే వాడుకరి కీని సర్వరు అడుగుతుంది. తొలిమెట్టు దగ్గరే ఆగిపోయిన ప్రయత్నంలో ఆ కీ సర్వరు కంట పడనే పడదు. అయినా కొత్త కీ జతను తయారుచేయడం, పాతదాన్ని ఖాతా నుంచి తొలగించి మళ్ళీ ఎక్కించడం, ఫోల్డర్ల అనుమతులు మార్చడం వంటి నిష్ఫలమైన పనులకే ఎక్కువమంది మొదట పూనుకుంటారు. ఇందుకు వాడుకరి కన్నా గిట్ సందేశాన్నే ఎక్కువగా తప్పుపట్టవలసి ఉంటుంది.

22వ పోర్టు పూర్వాపరాలు

ఎస్‌ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యులోనెన్ రూపొందించాడు. విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులను దొంగచాటుగా సేకరించిన ఘటన అందుకు ప్రేరణ. ఫైళ్ల బదిలీకి వాడే ఎఫ్‌టీపీది 21వ పోర్టు, రిమోట్ లాగిన్‌కు వాడే టెల్‌నెట్‌ది 23వ పోర్టు. ఆ రెండింటికీ ప్రత్యామ్నాయంగా నిలవాలన్న ఉద్దేశంతో ఆయన వాటి నడుమ ఖాళీగా ఉన్న 22ను కోరగా, ఇంటర్నెట్ సంఖ్యలను కేటాయించే సంస్థ అయానా దాన్నే ఇచ్చింది. 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ 2.6 ఆపరేటింగ్ సిస్టంతో పాటు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము విడుదలై క్రమంగా సర్వత్రా వ్యాపించింది. ప్రోటోకాల్ రెండో రూపం 2006 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 4250 నుంచి 4254 వరకు గల పత్రాలుగా ప్రామాణికమైంది.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను రాసినప్పుడు సొంత భద్రతా వ్యవస్థను నిర్మించే పని పెట్టుకోకుండా, అప్పటికే ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామునే పిలిచి దాని ద్వారా డేటా పంపే పద్ధతి పాటించాడు. 2008లో గిట్‌హబ్, బిట్‌బకెట్, 2011లో గిట్‌ల్యాబ్ వచ్చాక లక్షలాది ప్రోగ్రామర్లు రోజూ ఈ దారిని వాడడం మొదలుపెట్టారు. ప్రస్తుత సమస్యకు మూలం ఇక్కడే ఉంది. సర్వర్ల నిర్వాహకులు లోపలికి వెళ్లడానికి ఉద్దేశించిన పోర్టు కోడ్ మార్పిడికి రహదారి అయింది గాని, ఫైర్‌వాల్ నియమాలు రాసేవారి దృష్టిలో అది నేటికీ నిర్వాహకుల ద్వారమే. నెట్‌వర్కు రాకపోకలను నియమాల ప్రకారం వడపోసే వ్యవస్థను ఫైర్‌వాల్ అంటారు. కార్యాలయాలు, కళాశాలల హాస్టళ్లు, హోటళ్లు, విమానాశ్రయాలలోని వైఫైలలో చాలాచోట్ల వెబ్ బ్రౌజింగ్‌కు కావలసిన 80, 443 పోర్టులను మాత్రమే తెరిచి, 22తో సహా మిగిలినవన్నీ మూసివేస్తారు. వాటిలో అదే ల్యాప్‌టాప్‌లోని బ్రౌజరులో గిట్‌హబ్ పేజీ నిక్షేపంగా తెరుచుకుంటుంది, పుష్ మాత్రం కదలదు.

నిరాకరణకూ మౌనానికీ తేడా

ఏ ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ అయినా టీసీపీ మీద నడుస్తుంది. టీసీపీలో వాడుకరి కంప్యూటరు ముందుగా ‘సిన్’ అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. సర్వరు అంగీకార ప్యాకెట్‌తో బదులిస్తుంది. దానికి వాడుకరి కంప్యూటరు రసీదు పంపితే కనెక్షన్ ఏర్పడినట్టు. సర్వరు యంత్రం నడుస్తూ ఉండి, అడిగిన పోర్టు వద్ద ఏ ప్రోగ్రామూ వినకపోతే అది వెంటనే ‘రీసెట్’ ప్యాకెట్ పంపుతుంది, టెర్మినల్‌లో ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని క్షణంలో కనిపిస్తుంది. ఫైర్‌వాల్ తన నిరాకరణను మర్యాదగా తెలియజేసే రకమైతే ‘నో రూట్ టు హోస్ట్’ వంటి సందేశం రావచ్చు. కాని ఎక్కువ ఫైర్‌వాల్‌లు తమ ఉనికిని బయటపెట్టకుండా ప్యాకెట్‌ను సద్దు లేకుండా పారవేస్తాయి. పంపిన ప్యాకెట్ దారిలో పోయిందో, సర్వరు ఆగిపోయిందో, ఎవరైనా పారవేశారో తెలుసుకునే మార్గం లేక ఆపరేటింగ్ సిస్టం అదే ప్యాకెట్‌ను మళ్ళీ మళ్ళీ పంపుతూ పోతుంది.

ఎంతసేపు నిరీక్షించాలన్నది ఒక్కో వ్యవస్థలో ఒక్కో తీరు. లినక్స్‌లో సాధారణంగా 6 మార్లు తిరిగి పంపుతుంది; విరామం 1 సెకనుతో మొదలై 2, 4, 8, 16, 32గా రెట్టింపవుతూ, ఆఖరి ప్రయత్నం తరువాత 64 సెకన్లు ఆగి, మొత్తం 127 సెకన్లకు ఆశ వదులుకుంటుంది. కొత్త కెర్నళ్లలో విరామాల అమరిక కొంత మారినా మొత్తం నిరీక్షణ ఇంచుమించు రెండు నిమిషాలే. మాక్‌ఓఎస్‌లో ఇది 75 సెకన్లు, విండోస్‌లో సుమారు 21 సెకన్లు. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లోని ‘కనెక్ట్‌టైమవుట్’ అనే అమరికతో ఈ వ్యవధిని 10 సెకన్లకు కుదించవచ్చు. దానివల్ల సమస్య తీరకపోయినా పరీక్షించే ప్రతిసారీ రెండు నిమిషాలు వృథా కావు.

మౌనం ఎక్కడ మొదలైందో కనిపెట్టడం

ఈ సమస్య నిర్ధారణలో అడగవలసిన ప్రధాన ప్రశ్న ఒక్కటే: సంభాషణ ఏ ఘట్టం దాకా నడిచి ఆగింది? గిట్‌ను పక్కనపెట్టి నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశాన్నే, వివరాలు ముద్రించే ‘వీ’ ఐచ్ఛికాన్ని మూడుసార్లు జోడించి నడిపితే, ప్రతి దశా ‘డీబగ్’ అనే మాటతో మొదలయ్యే వరుసలుగా తెరమీద వస్తుంది. ఫలానా ఐపీ చిరునామా 22వ పోర్టుకు కనెక్ట్ అవుతున్నానని చెప్పే వరుస వద్దనే ఆగితే తొలి ప్యాకెట్‌కే జవాబు లేదన్నమాట. ‘కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్’ అన్న వరుస దాటి, అవతలి సాఫ్ట్‌వేర్ పేరు కనిపించకముందే నిలిచి, ‘బ్యానర్ ఎక్స్‌ఛేంజ్’ సమయంలో టైమవుట్ అయిందని వస్తే, టీసీపీ తలుపు తెరుచుకుంది గాని ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు పలకలేదు; అది భారంతో సతమతమవుతుండవచ్చు, లేదా మధ్యలో ఒక ప్రాక్సీ కనెక్షన్‌ను అందుకొని ముందుకు పంపకుండా ఉండవచ్చు. కీ మార్పిడి జవాబు కోసం ఎదురుచూస్తున్నానన్న వరుస వద్ద ఆగితే కారణం వేరు. దాని సంగతి దిగువన ఉంది. ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చినప్పుడు మాత్రమే కీలను తప్పుపట్టాలి.

ఐపీ చిరునామా ముద్రించే వరుసను నిదానంగా చదవడం మంచిది. ఎప్పుడో ఏదో ఇబ్బంది తప్పించుకోవడానికి హోస్ట్స్ ఫైలులో రాసిపెట్టిన పాత చిరునామా అక్కడ కనిపించే సందర్భాలు తక్కువేమీ కావు. పెద్ద సేవల చిరునామాలు కాలక్రమంలో మారుతుంటాయి. గిట్‌హబ్ తన చిరునామాల శ్రేణులను బహిరంగంగా ప్రకటిస్తూ ఉంటుంది, అనుమతించిన చిరునామాల జాబితాలతో ఫైర్‌వాల్ నడిపే సంస్థలు ఆ ప్రకటనను బట్టి తమ జాబితాను నవీకరించకపోతే నిన్నటిదాకా నడిచిన పుష్ ఈ రోజు ఆగుతుంది. చిరునామా ఐపీవీ6 రూపంలో ఉంటే మరో అనుమానం: నెట్‌వర్కు ఐపీవీ6 ఇచ్చినట్టే ఇచ్చి వాస్తవంలో దారి చూపకపోవచ్చు. బ్రౌజర్లు రెండు రకాల చిరునామాలనూ దాదాపు ఏకకాలంలో ప్రయత్నించి గెలిచినదాన్ని వాడుకుంటాయి. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నిస్తుంది కాబట్టి, మొదటిది మూగదైతే రెండోదాని వంతు వచ్చేసరికి ఓపిక నశిస్తుంది. ఆదేశానికి 4 అనే ఐచ్ఛికం చేర్చి ఐపీవీ4కే పరిమితం చేస్తే ఈ అనుమానం నిమిషంలో తేలిపోతుంది.

మొబైల్ హాట్‌స్పాట్‌కు మారి అదే ఆదేశాన్ని నడపడం అన్నిటికన్నా సులువైన పరీక్ష. అక్కడ పనిచేస్తే సర్వరు, కీలు, రిపాజిటరీ అన్నీ సవ్యంగానే ఉన్నట్టు. దోషం మొదటి నెట్‌వర్కుదో, కార్యాలయ వీపీఎన్‌దో. రెండు చోట్లా ఆగితే, మరేదైనా సర్వరు 22వ పోర్టును తాకి చూడడం, సేవాసంస్థ స్థితి పేజీని చూడడం తరువాతి మెట్లు. పింగ్ ఫలితాన్ని మాత్రం నమ్ముకోరాదు: పింగ్ వాడే ఐసీఎంపీకి పోర్టులతో నిమిత్తం లేదు, కొన్ని సర్వర్లు పింగ్‌కు పలకకుండానే ఎస్‌ఎస్‌హెచ్‌కు పలుకుతాయి, కొన్ని అందుకు విరుద్ధం.

443 మీదుగా ఎస్‌ఎస్‌హెచ్

22వ పోర్టు మూసి ఉందని తేలితే వాడుకరి చేతిలో ఉన్న ఉత్తమ మార్గం 443వ పోర్టు. ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్‌కు అది తప్పనిసరి కాబట్టి దాన్ని మూసే నెట్‌వర్కు అరుదు. ఈ అవసరం గుర్తించి గిట్‌హబ్ ‘ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్’ అనే హోస్టు వద్ద, గిట్‌ల్యాబ్ ‘ఆల్ట్‌ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌ల్యాబ్.కామ్’ వద్ద, బిట్‌బకెట్ ‘ఆల్ట్‌ఎస్‌ఎస్‌హెచ్.బిట్‌బకెట్.ఆర్గ్’ వద్ద 443 మీద ఎస్‌ఎస్‌హెచ్‌ను అందిస్తున్నాయి. ముందుగా ‘గిట్’ అనే వాడుకరి పేరుతో ఆ హోస్టుకు, పోర్టు 443గా పేర్కొని, ‘టి’ ఐచ్ఛికంతో ఎస్‌ఎస్‌హెచ్ నడిపి చూడాలి. గిట్‌హబ్ అయితే ఖాతా పేరుతో పలకరించి, గుర్తింపు విజయవంతమైందనీ, అయితే తాను షెల్ సౌకర్యం ఇవ్వననీ చెప్పి కనెక్షన్ ముగిస్తుంది. చివరి మాట వైఫల్యంలా ధ్వనించినా అది విజయానికే సూచన.

ఈ దారిని శాశ్వతం చేయడానికి హోమ్ డైరెక్టరీలోని ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డరులో ఉండే ‘కాన్ఫిగ్’ ఫైలులో నాలుగు వరుసలు చాలు: ‘హోస్ట్’ వద్ద గిట్‌హబ్ మామూలు పేరు, ‘హోస్ట్‌నేమ్’ వద్ద పైన చెప్పిన ప్రత్యామ్నాయ పేరు, ‘పోర్ట్’ వద్ద 443, ‘యూజర్’ వద్ద గిట్. ఇందులోని సౌలభ్యం ఏమిటంటే రిపాజిటరీల రిమోట్ చిరునామాలలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు; పాత పేరును గిట్ అడిగినప్పుడల్లా ఎస్‌ఎస్‌హెచ్ తానే కొత్త దారికి మళ్లిస్తుంది. మొదటిసారి సర్వరు కీ ముద్రను ధ్రువీకరించమని అడుగుతుంది. దాన్ని సంస్థ ప్రకటించిన ముద్రతో పోల్చి చూసిన తరువాతే ‘ఎస్’ అనాలి. కొన్ని ఎడిటర్లు, గ్రాఫికల్ ఉపకరణాలు ఈ ప్రశ్నను తెరమీద చూపకుండా నేపథ్యంలో ఎదురుచూస్తూ ఉండిపోతాయి. చూసేవారికి అదీ టైమవుట్‌లాగే అనిపిస్తుంది. టెర్మినల్‌లో ఒకసారి నడిపితే చిక్కు విడిపోతుంది.

అయితే కొన్ని ఫైర్‌వాల్‌లు పోర్టు సంఖ్యతో సరిపెట్టుకోకుండా లోపలి సంభాషణను పరిశీలిస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లో తొట్టతొలి వరుస, అంటే ప్రోటోకాల్ పేరు, సంచిక సంఖ్య, సాఫ్ట్‌వేర్ పేరు, గుప్తీకరణ మొదలుకాకముందే తేటతెల్లంగా వెళుతుంది కనుక దాన్ని పట్టుకోవడం వాటికి కష్టం కాదు. అలాంటి చోట హెచ్‌టీటీపీఎస్ రూపంలోని రిపాజిటరీ చిరునామాకు మారడమే దారి. గిట్ అమరికలలోని ‘ఇన్‌స్టెడ్ఆఫ్’ నియమంతో ఎస్‌ఎస్‌హెచ్ చిరునామాలన్నిటినీ ఒకేసారి అలా మార్చవచ్చు. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డును అంగీకరించడం లేదు కాబట్టి దాని స్థానంలో యాక్సెస్ టోకెన్ సిద్ధం చేసుకోవాలి. కార్యాలయ ప్రాక్సీ ఉన్నచోట ‘ప్రాక్సీకమాండ్’ అమరికతో దాని గుండా వెళ్లడం సాంకేతికంగా సాధ్యమే గాని, సంస్థ నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కోవడం ఉద్యోగికి క్షేమం.

తలుపు తెరుచుకున్నాక ఆగిపోయే కనెక్షన్లు

కనెక్షన్ ఏర్పడి, సాఫ్ట్‌వేర్ పేర్లు ఇచ్చిపుచ్చుకుని, సరిగ్గా కీ మార్పిడి దగ్గర స్తంభించే రకం అనుభవజ్ఞులనూ తికమకపెడుతుంది. ఒక లింకు మీద ఒకేసారి వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని ఎంటీయూ అంటారు. ఈథర్నెట్‌లో అది 1,500 బైట్లు. పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండులో 1,492. వీపీఎన్ సొరంగాలలో ఇంకా తక్కువ. పట్టనంత పెద్ద ప్యాకెట్ వచ్చినప్పుడు మధ్యలోని రౌటరు ‘చిన్నది చేసి పంపు’ అని ఐసీఎంపీ సందేశంతో చెప్పాలి. భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తంగా ఆపేసిన నెట్‌వర్కులో ఆ మాట పంపినవారికి చేరదు. తొలి పలకరింపులు చిన్న ప్యాకెట్లు కావడంతో సాఫీగా సాగిపోతాయి. తమకు తెలిసిన గుప్తీకరణ పద్ధతుల జాబితాను చెప్పుకునే సందేశం సుమారు 1,500 బైట్లు ఉండి అక్కడే గల్లంతవుతుంది. 2022లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి క్వాంటం కంప్యూటర్లకు లొంగని కీ మార్పిడి పద్ధతి అప్రమేయం అయింది. అందులో వాడుకరి వైపు పంపే కీయే వెయ్యి బైట్లు దాటుతుంది కాబట్టి ఈ లోపం మునుపటికన్నా తేలికగా బయటపడుతుంది. నెట్‌వర్కు ఇంటర్‌ఫేస్ ఎంటీయూను తాత్కాలికంగా 1,400కు తగ్గించి చూస్తే, కనెక్షన్ వెంటనే సాగినట్లయితే నిర్ధారణ పూర్తయినట్టే.

మరొక రకం పని నడుమ తెగిపోయేది. ఇళ్లలోని రౌటర్లు, మొబైల్ కంపెనీలు ఒకే బహిరంగ చిరునామాను ఎందరికో పంచే నాట్ పరికరాలు, క్లౌడ్ గేట్‌వేలు ప్రతి కనెక్షన్‌కూ పట్టికలో ఒక వరుస రాసుకొని, కొంతకాలం ఏ కదలికా లేకపోతే దాన్ని చెరిపేస్తాయి. అమెజాన్ వారి నాట్ గేట్‌వేలో ఆ వ్యవధి 350 సెకన్లు. అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో అప్రమేయంగా 4 నిమిషాలు. గిట్ పుష్‌లో ఈ నిశ్శబ్దం ఊహించని చోట పుడుతుంది. పుష్‌కు ముందు పరీక్షలన్నీ నడిపే ‘ప్రీ-పుష్’ హుక్‌ను ప్రాజెక్టులో పెట్టుకున్నప్పుడు, గిట్ ముందుగా సర్వరుతో కనెక్షన్ తెరిచి, అక్కడి బ్రాంచీల స్థితి తెలుసుకున్నాక హుక్‌ను మొదలుపెడుతుంది. పరీక్షలు పది నిమిషాలు నడిస్తే ఆ పది నిమిషాలూ కనెక్షన్ ఖాళీగా ఉంటుంది. పరీక్షలన్నీ నెగ్గాక, అసలు పంపవలసిన ఘడియలో అది తెగి ఉంటుంది. పెద్ద ఫైళ్లను కుదించి ప్యాక్ తయారుచేసే సమయంలోనూ ఇలా జరగవచ్చు. ‘సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్’ అమరికకు 60 (సెకన్లు) అని ఇస్తే అంత సేపు సర్వరు నుంచి ఏమీ రానప్పుడల్లా ఎస్‌ఎస్‌హెచ్ ఒక చిన్న పలకరింపు పంపి పట్టికలోని వరుసను బతికిస్తుంది. అప్రమేయ విలువ సున్నా, అంటే పలకరింపు ఉండదు. హుక్‌లోని బరువైన పరీక్షలను వేరే చోటికి మార్చడం దీనికన్నా మేలైన చికిత్స.

ఒకే కనెక్షన్‌ను పలు ఆదేశాలకు పంచుకునే ‘కంట్రోల్‌మాస్టర్’ సదుపాయం వేగం ఇస్తుంది గాని, ల్యాప్‌టాప్ ఒక వైఫై నుంచి మరోదానికి మారినప్పుడు చచ్చిన పాత కనెక్షన్‌నే కొత్త ఆదేశాలు పట్టుకు వేలాడతాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కు ‘ఓ’ ఐచ్ఛికంతో ‘ఎగ్జిట్’ అని చెప్పి పాతదాన్ని ముగించాలి.

సొంత సర్వర్ల విషయం

సంస్థలు తామే నడుపుకొనే గిట్‌ల్యాబ్ వంటి సర్వర్లలో కారణాల వరుస మారుతుంది. క్లౌడ్‌లోని సర్వరు చుట్టూ ఉండే ఫైర్‌వాల్, అమెజాన్ పరిభాషలో సెక్యూరిటీ గ్రూప్, అనుమతి లేని ప్యాకెట్లకు జవాబే ఇవ్వదు. అందులో ఒక ఉద్యోగి ఇంటి చిరునామాను మాత్రమే అనుమతిస్తే, రౌటరు ఆపి వెలిగించగానే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ కొత్త చిరునామా ఇచ్చినప్పుడు అతనికి టైమవుట్ మొదలవుతుంది. పదేపదే విఫలమైన లాగిన్లను చూసి చిరునామాను కొంతకాలం నిషేధించే ఫెయిల్‌టూబ్యాన్ వంటి కాపలా ప్రోగ్రాములు ఉన్నచోట, తప్పు కీతో నాలుగైదు సార్లు ప్రయత్నించిన ఒక్కరి వల్ల అదే బహిరంగ చిరునామా వాడే కార్యాలయమంతా నిషేధానికి గురికావచ్చు. పైన చెప్పిన తప్పుదారి సలహా విని కీలతో ప్రయోగాలు చేసేవారు ఈ చిక్కును తామే తెచ్చుకుంటారు.

ఇటువంటి సర్వర్లలో 22ను నిర్వాహకులకు వదిలి, గిట్‌కు 2222 వంటి వేరే పోర్టు కేటాయించే ఆనవాయితీ ఉంది. ఇక్కడ చిరునామా రాసే తీరులో ఒక మెలిక ఉంది. వాడుకరి పేరు, హోస్టు పేరు, కోలన్, ఆ తరువాత దారి అన్న పొట్టి రూపంలో కోలన్ తరువాత వచ్చేది ఎప్పుడూ ఫోల్డరు దారే. అక్కడ 2222 అని రాస్తే గిట్ దాన్ని పోర్టుగా కాక ఫోల్డరు పేరుగా భావించి, యథాప్రకారం 22వ పోర్టునే తట్టి, అది మూసి ఉంటే టైమవుట్‌తో వెనుదిరుగుతుంది. పోర్టు చెప్పాలంటే ‘ఎస్‌ఎస్‌హెచ్’ అన్న ఉపసర్గ, కోలన్, రెండు వాలుగీతలతో మొదలయ్యే పూర్తి రూపంలో చిరునామా రాయాలి, లేదా పోర్టు సంగతి కాన్ఫిగ్ ఫైలుకు అప్పగించాలి.